మొదటి సాక్షి

రొంపిచెర్ల దగ్గర మా ఊళ్ళో ఒకప్పుడు ఏ కాయితం రాసినా మొదటి సాక్షి గీత ఖాళీగా వదిలేవారు. పొలం అమ్మకం కానీ, అన్నదమ్ముల పంపకం కానీ, పెళ్ళి మాటల ఒప్పందం కానీ, మిగతా సాక్షులంతా రెండో గీత నుంచి సంతకాలు పెట్టి కాయితం మా ఇంటికి పంపేవారు. తాతగారు చదివేవారు కాదు. తెచ్చిన మనిషి మొహం చూసి సంతకం పెట్టేవారు. "సాక్షి చూడాల్సింది కాయితాన్ని కాదు, మనిషిని" అనేవారు. నాన్న కూడా అదే మాట అని అలాగే పెట్టారు.

తాతగారి కాలంలో పొలం, నాన్న కాలంలో ఇల్లు కోర్టుల పాలయ్యాయి. ఇల్లు పడగొట్టి ఆ స్థలంలో మిరపకాయల గోదాము కట్టారు. నేను నరసరావుపేటకు వచ్చి రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. పెళ్ళి కాలేదు. వచ్చిన సంబంధాలు మా స్థాయికి తగవని నాన్న కొన్నాళ్ళు తిప్పి పంపారు. ఆ తరవాత మా స్థితి తెలిసి వాళ్ళే రావడం మానుకున్నారు. నాకు మిగిలినవి గుంటూరు కాలేజీలో నేర్చుకున్న ఇంగ్లీషు, నిటారుగా నడిచే అలవాటు. పదిహేనేళ్ళపాటు మా ఊరి కాయితం ఒక్కటి కూడా నా గుమ్మం తొక్కలేదు.

ఒక ఉదయం మా ఊరి కాంట్రాక్టరు వచ్చాడు. వరసకు నన్ను బాబాయ్ అంటాడు. సాగర్ కుడి కాలువ నుంచి మా ఊరి పొలాలకు వచ్చే పిల్లకాలువకు సిమెంటు లైనింగు పని అతనిది. పని పూర్తయిందని ఊరి పెద్దలు సాక్ష్యం చెప్పే పంచనామా చేతిలో ఉంది. రెండో గీత మీద, మూడో గీత మీద సంతకాలు ఉన్నాయి.

"మొదటిది వదిలేశాం బాబాయ్. అది మీ ఇంటిది గదా. ఇంకోళ్ళు పెడితే బాగుంటదా?" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ ఖాళీ గీత చూడగానే నా చెయ్యి కలం కోసం జేబు మీదికి పోయింది. అది కనపడనివ్వకుండా, "పని అంతా అయిందా?" అని అడిగాను.

"అదేం మాట బాబాయ్! కింద బండి పెట్టా. ఎక్కు, చివరి తూము దాకా తీసుకెళ్ళి చూపిస్తా. మధ్యాహ్నానికి తెచ్చి దింపుతా."

ఎక్కలేదు. ఎక్కితే ఆ గోదాము ముందు నుంచే పోవాలి. పైగా ఒక మనిషి ఇంటికి వచ్చి పని అయిందని చెబితే, పద చూద్దాం అనడం మా ఇంట్లో మర్యాద కాదు. కలం తీసి సంతకం పెట్టాను. అతను తెచ్చిన బత్తాయిల సంచీ మాత్రం అతని చేతికే తిరిగి ఇచ్చాను. "ఇలాంటివి మా ఇంట్లో అలవాటు లేదురా" అన్నాను. ఆ రోజంతా ఆ మాటను తలుచుకుంటూ గదిలో అటూ ఇటూ తిరిగాను.

అది జరిగిన ఏడాదికి నాకు ఉద్యోగం వచ్చింది. ఎక్కడో చలిదేశపు ప్రభుత్వం మన దేశంలో అవినీతి తగ్గాలని, పాలన బాగుపడాలని సాయం ఇస్తుంది. ఆ సాయంతో ఒక స్వచ్ఛంద సంస్థ పల్నాడు ఊళ్ళలో ప్రభుత్వ పనులను పరిశీలించేది. ప్రభుత్వ ఆఫీసు నుంచి పని ఫైలు నకలు తీసుకోవడం, ఊరివాళ్ళతో కలిసి టేపుతో పని కొలవడం, ఆ లెక్కను ఈ లెక్కతో ఊరందరి ముందూ పోల్చి చదవడం, ఇదీ పద్ధతి. వాళ్ళకు ఇంగ్లీషు రాసే మనిషి కావాల్సి వచ్చింది. మా బృందానికి నాయకురాలు మాచర్ల అమ్మాయి. ముప్పై అయిదేళ్ళుంటాయి. తండ్రి మిషను బడిలో పంతులుగా చేశారట. మొదటిరోజే ఆమె నన్ను "సార్" అంది. నేను ఆమెను "అమ్మా" అన్నాను. ఆ దూరం ఇద్దరికీ సరిపోయింది.

ఎరువుల కొట్టు పైన ఆఫీసు. అందరూ మధ్యాహ్నం చాప వేసుకుని డబ్బాలు విప్పి కూరలు కలుపుకునేవారు. నేను కిటికీ వైపు తిరిగి బల్ల మీద తినేవాణ్ణి. నా డబ్బాలో అన్నం, గోంగూర పచ్చడి తప్ప ఏమీ ఉండేది కాదు. ఒకసారి ఆ అమ్మాయి నా మూతలో చేప ముక్క వేయబోయింది. "నాకు పడదమ్మా" అన్నాను. పడకపోవడమేమీ లేదు. అయినా వెనక వాళ్ళ నవ్వులు వినడానికే నేను ఒక్క రోజు కూడా ఆఫీసు మానలేదని ఇప్పుడు ఒప్పుకోవచ్చు. ఇంటి దగ్గర నాతో మాట్లాడేది కుళాయి నీళ్ళు వచ్చాయని అరిచే ఎదురింటావిడ ఒక్కతే.

నా మొదటి పని వాళ్ళ శిక్షణ పుస్తకాన్ని తెలుగు చేయడం. అందులో అవినీతికి ఒక నిర్వచనం ఉంది. నమ్మి అప్పగించిన అధికారాన్ని సొంత లాభానికి వాడుకోవడం. చాలా తేలిగ్గా తెలుగులోకి వచ్చింది. నాకు అధికారమూ లేదు, లాభమూ లేదు, కనక హాయిగా రాసేశాను.

ఊళ్ళలో మమ్మల్ని ఆట పట్టించేవారు. కారెంపూడి వైపు ఒక ఊళ్ళో రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయన అడిగాడు, "ఏందయ్యా, కాలవ కొలవటానికి తెల్లోళ్ళు డబ్బులిస్తన్నారా? కొలిచే డబ్బుతో కాలవే కట్టొచ్చు గదా!"

"కట్టినా కొలవాలిగా తాతా" అంది మా నాయకురాలు.

"ఆళ్ళ దేశంలో దొంగలు లేరా ఏంది?"

"ఉంటారు. ఆడ కొలిచేవాళ్ళు కూడా ఉంటారు."

నాకూ మొదట్లో ఆ పెద్దాయన అనుమానమే ఉండేది. ఎవరి దేశమో వచ్చి మనకు నీతి నేర్పడమేమిటని లోపల మండేది. తిరగ్గా తిరగ్గా ఒకటి అర్థమైంది. మా వైపు ప్రతివాడూ ఎవరో ఒకరి మనిషి. ఆ పార్టీ మనిషి, ఈ పార్టీ మనిషి, ఫలానావారి బామ్మర్ది, ఫలానావారి పాలేరు. టేపు ఒక కొస పట్టుకోమంటే, ఇంకో కొస ఎవరు పట్టుకున్నారని అడుగుతారు. ఎవరి మనిషీ కాని చేతికి టేపు అందాలంటే ఆ జీతం దూరం నుంచే రావాలి. ఆ సాయం మాకు నీతి ఏమీ నేర్పలేదు. ఊరికి ఏమీ కానివాళ్ళను నలుగురిని తయారు చేసి పెట్టింది. వాళ్ళలో నేనొకణ్ణి అనుకున్నాను.

నేను చేరిన పద్నాలుగో నెలలో మా ఊరి పిల్లకాలువ ఫైలు వచ్చింది.

మా నాయకురాలు నకలు కాయితాలు బల్ల మీద పరిచి పంచనామా నా వైపు తిప్పింది. "రెండో సాక్షి, మూడో సాక్షి కాంట్రాక్టరు మనుషులే సార్. మొదటి సంతకం ఎవరిదో తెలియడం లేదు. మీ వైపు ఊరే కదా, మీకేమైనా తెలుసా?"

నా సంతకంలో అక్షరాలు కనపడవు. తాతగారిది చూసి దిద్దుకున్నది, మొదటి అక్షరం తరవాత అంతా ఒకే మెలిక. "చూసి చెబుతానమ్మా" అన్నాను.

మర్నాడే ఊరికి పోయి కాలువ కొలవాలి. ఒంట్లో బాగాలేదని చెప్పాలనుకుని కూడా చెప్పలేకపోయాను. జీపు గోదాము ముందు నుంచి పోతున్నప్పుడు ఒళ్ళో ఉన్న కాయితాలు చదువుతున్నట్టు తల వంచుకున్నాను. పిల్లకాలువ విడిపోయే మేజరు కాలువ దగ్గర మొదలుపెట్టి టేపు లాగుతూ నడిచాం. సిమెంటు గోడలు చక్కగా ఉన్నాయి. రెండు మలుపులు తిరిగాక ఒక తాటిచెట్టు దగ్గర హఠాత్తుగా ఆగిపోయాయి. అక్కడి నుంచి చివరి తూము దాకా జమ్ము, కంప, పూడిక. కాయితంలో ఉన్న పొడవులో మూడో వంతు నేల మీద లేదు.

చివర్న ఒకామెకు రెండెకరాలుంది. ఊరి బయట పల్లెలో ఉంటుంది, మొగుడు పోయాడు. తాటిచెట్టు దగ్గర నిలిచిన నీళ్ళు బిందెతో మోసి మిరప మొక్కకు చెంబుడు చొప్పున పోస్తోంది. మమ్మల్ని చూసి బిందె దించింది. నన్ను గుర్తుపట్టి కొంగు భుజం మీదికి లాక్కుంది.

"అయ్యగారూ, మీరేంది ఇట్టా వచ్చారు? మీరైనా చెప్పండయ్యా ఆఫీసులో. మూడుసార్లు పోయి అర్జీ ఇచ్చా. ఆ ఇంజనీరు ఏమంటన్నాడో తెలుసా? మీ ఊరి పెద్దలే అయిందని సంతకాలు పెట్టారమ్మా, నీ ఒక్కదాని మాట ఎట్టా నమ్మేది అంటన్నాడు."

"ఎవరు పెట్టారో చెప్పారా?" అని అడిగింది మా నాయకురాలు.

"చెప్పలా. ఎవరైతే ఏందమ్మా, వాళ్ళ చేలకి నీళ్ళు వచ్చుంటాయి." తరవాత నా వైపు తిరిగి, "ఈ ఏడు కూడా ఎండితే కౌలుకు ఇచ్చేసి గుంటూరు మిల్లుకి పోవాల్సిందేనయ్యా" అంది.

నేను చెట్టు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె బిందె ఎత్తుకుని మళ్ళీ నీళ్ళ దగ్గరికి పోయింది.

తిరిగి వస్తూ జీపులో మా నాయకురాలు చెప్పింది. ఇంజనీరు ఆఫీసువాళ్ళు మా టేపును లెక్కచేయరట. పంచనామా ఉన్నంతవరకూ పని అయినట్టే. సంతకం చేసిన సాక్షుల్లో ఒకరైనా నలుగురి ముందు నిలబడి, నేను చూడకుండా పెట్టాను అని చెబితేనే ఫైలు మళ్ళీ తెరుస్తారు. "ఆ ఇద్దరూ చెప్పరు. మొదటాయన దొరికితేనే ఏమైనా" అంది. ఆమె రోడ్డు వైపే చూస్తూ ఈ మాట అంది.

లెక్కలు చదివే ఊరి సభకు ఇంకా మూడు వారాలుంది. ఆ మూడు వారాలూ నాకు నేనే వకీలునై వాదించుకున్నాను. నేను ఒక్క కాయ కూడా తీసుకోలేదు. నన్ను మోసం చేశారు. మా ఇంటి పేరు మీద ఊళ్ళో మిగిలింది ఆ ఒక్క మాటే, అది కూడా నా చేత్తో నేనే చెరపాలా? ఒకరోజు ఏదో పని మీద మళ్ళీ ఆ శిక్షణ పుస్తకం తీశాను. సొంత లాభం అని నేనే రాసిన మాట దగ్గర ఆగాను. కాంట్రాక్టరు వచ్చిన ఆ ఉదయం నేను గదిలో అటూ ఇటూ తిరిగిన తిరుగుడు గుర్తొచ్చింది. పదిహేనేళ్ళలో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకోటి లేదు.

సభకు ముందురోజు అందరూ సామాను సర్దుకుని వెళ్ళాక మా నాయకురాలి బల్ల దగ్గరికి వెళ్ళి, "ఆ మొదటి సంతకం నాదమ్మా" అన్నాను.

ఆమె కలం మూత పెట్టింది. "తెలుసు సార్. హాజరు పట్టీలో మీ సంతకం రోజూ చూస్తున్నాగా."

"మరి అడగలేదేం?"

"అడిగితే మీరు ఆ రోజే ఉద్యోగం మానేసేవాళ్ళు. చెప్పేవాళ్ళు కాదు."

నాకు కోపం వచ్చింది. ఆమె చెప్పింది నిజమే అయినందుకు ఇంకా కోపం వచ్చింది. ఆమే మళ్ళీ అంది, "రేపు మీరు చెబితే నేను పైకి రాయాలి సార్. పరిశీలించే మనిషే ఆ పనికి సాక్షి అయితే ఇక్కడ ఉండటానికి వీల్లేదు. సాయం ఇచ్చేవాళ్ళ నియమం. నేను మార్చలేను."

"తెలుసమ్మా. ఆ నియమాన్ని తెలుగు చేసింది నేనే."

సభ మా ఊరి బడి ఆవరణలో పెట్టారు. పొద్దున్నే షామియానా కింద ఊరు సగం కూర్చుంది. ఆ రోజే సాయం ఇచ్చే దేశం నుంచి ఒక అధికారిణి చూడడానికి వచ్చింది. తెల్లజుట్టు, నూలు చుడీదారు. ఆమె పక్కన కూర్చుని జరిగేదంతా చెవిలో ఇంగ్లీషులో చెప్పడం నా పని. ఇంజనీరు ఒక మూల కూర్చున్నాడు. కాంట్రాక్టరు ముందు వరసలో ఉన్నాడు.

మా కొలతలు చదివారు. ఆఫీసు లెక్క చదివారు. పంచనామా దగ్గరికి వచ్చేసరికి నేను లేచి జేబులోంచి కాయితం తీశాను. నోటితో చెప్పగలనని నమ్మకం లేక రాసుకున్నాను. నాలుగే వాక్యాలు. ఈ పంచనామాలో మొదటి సాక్షి సంతకం నాది. నేను కాలువ చూడలేదు. చూడకుండా పెట్టాను. ఆ సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

తరవాత కాంట్రాక్టరు లేచాడు.

"బాబాయ్, ఒక్క మాట. ఆ రోజు నేను బండి తెచ్చానా లేదా? ఎక్కు చూపిస్తా అన్నానా లేదా? దేవుడి తోడు, నిజం చెప్పు."

"అన్నావు. ఎక్కనిది నేనే."

"చూశారా! ఇనండబ్బా, ఇప్పుడు నాదా తప్పు?" అని వెనక్కి తిరిగి చేతులు ఊపాడు. షామియానా అంతా గొల్లున నవ్వింది.

"బండెక్కితే పంచె నలుగుద్దని ఎక్కలా!" అన్నారెవరో. ఇంకా నవ్వారు.

నవ్వు తగ్గాక ఆడవాళ్ళ వైపు నుంచి ఆ చివరి చేను ఆమె లేచింది. ఆమె నవ్వలేదు.

"చూడకుండా ఎట్టా పెట్టావయ్యా?"

మూడు వారాల కిందట ఆమె నన్ను మీరు అంది. నేను ఏదో ఒకటి చెప్పాలి గనక, "మొదటి గీత నా కోసం ఖాళీగా ఉంచారమ్మా" అన్నాను.

"ఖాళీగా ఉంటే?"

నేను చేతిలో ఉన్న కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె అది చూసి కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

పక్కనున్న అధికారిణి నా వైపు వంగింది. నేను చదివిన నాలుగు వాక్యాలనూ ఆమెకు ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాను. నేను అనే మాటను ఎక్కడా మార్చలేదు. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. నేను వేరెవరి వాంగ్మూలమో చదివి వినిపించాననుకుంది.

"ఆ సాక్షి ఈ సభలో ఉన్నాడా?" అని అడిగింది.

"ఉన్నాడు."

"నేను అతన్ని కలవాలి. ఇలాంటి వాళ్ళ కోసమే మేము ఈ సాయం ఇచ్చేది."

"అతను ఎవరితోనూ కలవడు" అన్నాను.

ఆమె గౌరవంగా తల ఊపి పుస్తకంలో ఏదో రాసుకుంది.

ఇంజనీరు ఆ సాయంత్రమే నా వాంగ్మూలం రాయించుకున్నాడు. ఫైలు తెరిచారు. వేసవిలో కాలువకు నీళ్ళు కట్టేసినప్పుడు మిగిలిన పని చేయాలని కాంట్రాక్టరుకు కాయితం వెళ్ళిందని మా నాయకురాలు ఫోనులో చెప్పింది. అప్పటికి నా ఉద్యోగం పోయి నెలైంది. చివరిరోజు నాకు శాలువా కప్పుతామన్నారు. వద్దన్నాను. ఆ అమ్మాయి మెట్ల దాకా వచ్చి, "మధ్యాహ్నం పూట ఎప్పుడైనా రండి సార్, కలిసి తిందాం" అంది. వస్తానన్నాను. ఎరువుల కొట్టు ముందు నుంచి చాలాసార్లు నడిచాను. పైకి మాత్రం ఎక్కలేదు. తరవాత ఆ సంస్థకు రెండేళ్ళకని ఇచ్చిన సాయం అయిపోయి ఆఫీసు ఎత్తేశారు. ఆమె మాచర్ల వెళ్ళిపోయింది.

ఊరి నుంచి ఎవరూ రాలేదు. ఊరి పెళ్ళి శుభలేఖ ఏడాదికొకటైనా వచ్చేది, అదీ ఆగిపోయింది. వాళ్ళను తప్పు పట్టను. మా ఇంటి సంతకం మీద వాళ్ళ తాతలు భూములు పంచుకున్నారు. ఇప్పుడు ఆ పంపకాలన్నిటి మీదా వాళ్ళకు అనుమానం వచ్చి ఉంటుంది. తాతగారు కూడా ఎన్ని చూడకుండా పెట్టారో నాకు మాత్రం ఏం తెలుసు?

వానలు మొదలై సాగర్ నీళ్ళు వదిలారని పేపర్లో చూసి ఒక ఉదయం బస్సెక్కాను. నన్ను ఎవరూ రమ్మనలేదు. గోదాము దగ్గర తల వంచుకోలేదు, అటే చూశాను. లారీలోకి బస్తాలు ఎత్తుతున్నారు. రోడ్డు మీద దిగి పిల్లకాలువ గట్టున నడిచాను. తాటిచెట్టు దాటాక కొత్త సిమెంటు తెల్లగా ఉంది. ఒకచోట అప్పుడే బీట కూడా ఇచ్చింది. అయినా నీళ్ళు పోతున్నాయి. ఎర్రటి నీళ్ళు, చివరి తూము దాకా.

ఆమె మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టి పారతో మడవ తిప్పుతోంది. నీళ్ళు సాళ్ళ వెంట ఒక్కొక్క మొక్క దగ్గరా ఆగి ముందుకు పోతున్నాయి. నేను దగ్గరికి పోయి నిలబడ్డాను. ఏమైనా అంటుందేమోనని చూశాను. నేను చెప్పాలనుకున్నదీ ఒకటి ఉంది, బస్సులో వాక్యం కూడా కూర్చుకున్నాను. ఒక అడుగు ముందుకు వేశాను.

ఆమె తల ఎత్తలేదు. "గట్టు తొక్కమాకయ్యా. ఇప్పుడే ఏశా" అంది.

కాలు వెనక్కి తీసుకున్నాను. కాసేపు అక్కడే ఉండి, ఆమె రెండో మడవకు వెళ్ళాక వచ్చిన దారినే రోడ్డెక్కాను. పేట బస్సుకు ఇంకా గంటన్నర ఉంది.